పాస్ట్: మా గెడ్డ నీళ్లకు 18 పరీక్షల్ని 7కు తగ్గించిన ఉచిత సాఫ్ట్‌వేర్

గెడ్డలో, అంటే మా ఊరి వాగులో, పరీక్షల కోసం నీళ్లు పట్టడానికి మేం వెళ్లిన మొదటి రోజు నుంచీ రేవులో ఒక తాతగారు మమ్మల్ని అడిగేది ఒకటే మాట. "ఏటమ్మా, నెలనెలా సీసాల్తో అట్టుకెళ్తన్నారు గదా. ఈ నీల్లు తాగొచ్చా, తానం సెయ్యొచ్చా? ఆ మాట సెప్పండి, సాలు." ఏడాది గడిచేసరికి నా కంప్యూటర్‌లో దాదాపు 1,300 అంకెలు చేరాయి కానీ తాతగారికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఆ అంకెల కుప్పలోంచి జవాబు బయటకు తీయడానికి నాకు అక్కరకొచ్చిన సాఫ్ట్‌వేర్ పేరు పాస్ట్. పది నెలలుగా వాడుతున్నాను. నీటి పరీక్షలతో పనిపడే టీచర్లకీ ఎమ్మెస్సీ పిల్లలకీ పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను పర్లాకిమిడి దగ్గర ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పుట్టిల్లు పాతపట్నం, అంటే సరిహద్దుకు అవతల. అత్తిల్లు, ఉద్యోగం ఒడిశాలో. మా క్లాసులో సగం మంది నోట్సు ఒడియాలో రాసుకుంటారు, బయటికి రాగానే తెలుగులో మాట్లాడుకుంటారు. మా ఊరి గెడ్డ కొండల్లోంచి వచ్చి మహేంద్రతనయలో కలుస్తుంది, అది వెళ్లి వంశధారలో కలుస్తుంది. మహేంద్రతనయ పేరుతోనే ఇంకో ఏరు మహేంద్రగిరి అటువైపు దిగి బారువ దగ్గర సముద్రంలో పడుతుంది, అది వేరు. మా నీళ్లు మాత్రం గొట్టా బ్యారేజీ మీదుగా శ్రీకాకుళం పొలాలకు పోతాయి. ఇక్కడ మేం గెడ్డలో ఏం కలిపినా అది మా పుట్టింటివైపే పోతుంది. పైగా మా పిన్ని వాళ్లది కవిటి వైపు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం నీళ్లా, మరొకటా అన్నది ఇన్నేళ్లయినా తేలలేదు. అందుకే మా ఇళ్లల్లో నీళ్ల మాట ఎత్తితే అందరికీ టెన్షన్. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల రావడానికి కారణం కూడా అదే.

పిల్లలతో కలిసి ఆరు చోట్లు ఎంచుకున్నాం. గెడ్డ కొండ దిగే చోటు, ఊరి ఎగువ వంతెన, స్నానాల రేవు, చాకిరేవు, ఊరి మురుగు కాలవ కలిసే చోటు, ఇంకా దిగువన పొలాల నీళ్లు తిరిగి గెడ్డలో పడే మదుము. నెలకోసారి చొప్పున 12 నెలలు, మొత్తం 72 శాంపిళ్లు. ఒక్కోదానికి 18 పరీక్షలు: ఉష్ణోగ్రత, పీహెచ్, కండక్టివిటీ (విద్యుత్తు పారే గుణం), టీడీఎస్ (కరిగి ఉన్న పదార్థాల మొత్తం), టర్బిడిటీ (మడ్డితనం), కరిగిన ఆక్సిజన్ అంటే డీఓ, బీఓడీ (మురుగుని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్), సీఓడీ (అదే మురుగుని రసాయనాలతో మార్చడానికి పట్టే ఆక్సిజన్), క్షారత, మొత్తం కఠినత్వం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్, ఫాస్ఫేట్, ఫ్లోరైడ్, కోలిఫామ్ (నీళ్లలో మలం కలిసిందని పట్టిచ్చే బ్యాక్టీరియా). కొన్ని మా ల్యాబ్‌లో చేసుకున్నాం. మిగిలినవాటిని ఐస్ పెట్టెలో పెట్టి బస్సులో దూరంగా ఉన్న ఒక ప్రైవేటు ల్యాబ్‌కి పంపేవాళ్లం. శ్రావణంలో ఒకసారి రెండు సీసాలు దారిలోనే పగిలిపోయాయి. ఏడాది అయ్యేసరికి ప్రాజెక్టు డబ్బులూ అయిపోయాయి. రెండో ఏడాది కొనసాగించాలంటే పరీక్షలు తగ్గించాలి. ఏవి తగ్గించాలి? నచ్చినవి తీసేస్తే అది సైన్సు అవదు. ఏ పరీక్ష ఇంకో పరీక్ష చెప్పిందే మళ్లీ చెబుతోందో ఆధారంతో తేల్చుకోవాలి. దానికే స్టాటిస్టిక్స్ కావాలి.

పాస్ట్‌ని నాకు చెప్పింది మా స్టాటిస్టిక్స్ మాస్టారు. నార్వేలోని ఓస్లో యూనివర్సిటీకి చెందిన ఓయ్‌విన్ హామర్ దీన్ని తయారుచేసి 2001లో మరిద్దరితో కలిసి ప్రకటించారు. అసలు శిలాజాల మీద పనిచేసేవాళ్ల కోసం పుట్టింది కాబట్టి ఆ పేరు, పాలియంటలాజికల్ స్టాటిస్టిక్స్‌కి అది పొట్టిపేరు. తర్వాత్తర్వాత మొక్కలు, చేపలు, నీళ్లు, ఏ లెక్కల వాళ్లయినా వాడుకోవడం మొదలుపెట్టారు. పూర్తిగా ఉచితం. జిప్ ఫైలు దించుకుని విప్పి, లోపలున్నదాని మీద నొక్కితే తెరుచుకుంటుంది, ఇన్‌స్టాల్ చేసే పని లేదు. మా ల్యాబ్‌లో ఉన్నది పాత కంప్యూటర్, నెట్ ఉన్న రోజుకంటే లేని రోజులే ఎక్కువ. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టిన గంటలోపే పిల్లలు వాడేశారు. డబ్బు పెట్టి కొనే స్టాటిస్టిక్స్ ప్యాకేజీలు మా స్థాయి కాలేజీకి అందేవి కావు. ఆర్ అనే ఉచిత భాష ఉంది, చాలా శక్తి గలది, కానీ కోడ్ రాయాలి. ఎప్పుడూ కోడ్ ముట్టుకోని నాలాంటి కెమిస్ట్రీ మనిషికి ఎక్సెల్ లాంటి గళ్లు, పైన మెనూలు కనబడితే ధైర్యం వస్తుంది. పాస్ట్ అచ్చం అలాగే ఉంటుంది. ఎక్సెల్‌లో కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చేస్తే చాలు. అయితే వరసల పేర్లు, నిలువు గళ్ల పేర్లు పడాలంటే పైనున్న రెండు చిన్న గడుల్లో టిక్ పెట్టాలి. ఆ సంగతి తెలియక మొదటిరోజు చాలాసేపు అవస్థ పడ్డాం. పగిలిన సీసాల గళ్లలో ప్రశ్నార్థకం గుర్తు పెడితే అక్కడ అంకె లేదని దానికి తెలుస్తుంది.

ఇంకో చిక్కు ఫ్లోరైడ్‌తో వచ్చింది. చాలా రిపోర్టుల్లో అంకె బదులు కొలత పరిధికి తక్కువ అని రాసి ఉంది. అక్కడ సున్నా పెట్టేస్తే తప్పు, వదిలేసినా తప్పే. కొద్ది చోట్లయితే ఆ పరిధిలో సగం అంకె వేసుకునే అలవాటు ఉంది కానీ, సగానికి సగం గళ్లు అలాగే ఉంటే ఆ లెక్కకు అర్థం లేదు. అందుకని ఫ్లోరైడ్‌ని ఈ లెక్కలోంచి తీసి పక్కన పెట్టాం. నీటి పరీక్షల్లోంచి మాత్రం తీయలేదు. ఏడాదికి రెండుసార్లు విడిగా చేయిస్తాం. తాగే నీటి ప్రమాణంలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు. అది మిగతావాటితో కలిసి పెరగదు, దానికి బదులు చెప్పే పరీక్ష ఇంకొకటి లేదు.

ఇప్పుడు అసలు సంగతి. యూనివేరియట్ మెనూలో కోరిలేషన్ నొక్కగానే ప్రతి అంశానికీ మిగతా వాటితో ఎంత పొత్తు ఉందో ఒక పెద్ద పట్టికగా వస్తుంది. కింది సగంలో పొత్తు ఎంతో ఉంటుంది, పై సగంలో ఆ పొత్తు యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో ఉంటుంది. కండక్టివిటీ, టీడీఎస్ కలిసే గడిలో 1 ఉంది. 0.97 కాదు, 0.99 కాదు, 1, అంటే నూటికి నూరు పాళ్లు పొత్తు. నేను చాలాసేపు ఆ గడి వంకే చూస్తూ ఉండిపోయాను. నీళ్లలో కరిగిన లవణాలు పెరిగితే విద్యుత్తు బాగా పారుతుంది కాబట్టి ఆ రెండింటికీ గట్టి పొత్తు ఉండాల్సిందే. కానీ లవణాల రకం నెలనెలా మారుతుంది, తూచేటప్పుడు చేతి తేడాలు ఉంటాయి. నిజంగా నీళ్లు ఆవిరి చేసి, మిగిలిన పొడిని తూచి ఉంటే 72 శాంపిళ్లకూ అంత తిన్నటి గీత రాదు. కాలిక్యులేటర్ తీసి రిపోర్టులోని టీడీఎస్‌ని కండక్టివిటీతో భాగించాను. 0.64. రెండోది, 0.64. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో నెల పంచుకుని చేశారు, అన్నీ 0.64.

అంటే ఆ ల్యాబ్ వాళ్లు టీడీఎస్ కొలవనేలేదు. కండక్టివిటీని ఒక అంకెతో గుణించి రాసి, దానికి వేరే పరీక్షగా బిల్లు వేశారు. ఫోన్ చేస్తే అందరూ చేసేది అదేనన్నారు. గుణించడంలో తప్పు లేదు, 0.55 నుంచి 0.7 మధ్య అంకెతో గుణించి అంచనా కట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. కొలిచామని చెప్పి డబ్బు తీసుకోవడం తప్పు. పేద కాలేజీ పిల్లల ప్రాజెక్టు డబ్బు అది. నాకు నిజంగా బాధ కలిగింది. కానీ ఆ రోజు మా పిల్లలకి కోరిలేషన్ అంటే ఏమిటో బోర్డు మీద చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. ఒక పట్టికలో ఒక గడి చూసి, అంకె వెనక ఏం జరిగిందో పట్టుకోవచ్చని వాళ్లకి ఆ రోజే తెలిసింది. ఈ ఒక్క మేలుకే పాస్ట్‌కి నేను రుణపడి ఉంటాను.

టీడీఎస్ పోయింది. మెగ్నీషియం కూడా పోయింది, ఎందుకంటే దాన్ని మేమే మొత్తం కఠినత్వంలోంచి కాల్షియం వాటా తీసేసి లెక్కగడతాం, కొత్త కబురేమీ ఉండదు. ఇలాంటి నకళ్లని తీయకుండా ముందుకు వెళ్తే తర్వాతి లెక్కలో ఒకే మాట మూడు గొంతుకలతో వినబడి, ఉన్నదానికంటే పెద్దదిగా తోస్తుంది. ఇలా ఫ్లోరైడ్, టీడీఎస్, మెగ్నీషియం పోగా మిగిలినవి 15.

తర్వాతిది పీసీఏ, ప్రిన్సిపల్ కాంపోనెంట్ ఎనాలిసిస్. 1901లో కార్ల్ పియర్సన్ మొదలుపెట్టారు, 1933లో హోటెలింగ్ ఇప్పటి రూపానికి తెచ్చారు. పిల్లలకి నేను ఇలా చెప్పాను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కానీ పొయ్యిల మీద మూడు గిన్నెలుంటే మూడు మెతుకులు చూడాలి. మన 15 అంశాలు ఎన్ని గిన్నెల్లో ఉడుకుతున్నాయి, ఏ గిన్నెలో ఏవి ఉన్నాయి అన్నది పీసీఏ చెబుతుంది. ఆ తర్వాత ఒక్కో గిన్నెలోంచి ఒక్కో మెతుకు తీసుకోవచ్చు.

ఇక్కడ మేం ఒక తప్పు చేశాం. అందరూ చేసే అవకాశం ఉన్న తప్పు కాబట్టి చెబుతున్నాను. పీసీఏ కిటికీలో పైన రెండు దారులుంటాయి, ఒకటి కోవేరియెన్స్, రెండోది కోరిలేషన్. మేం దాన్ని పట్టించుకోకుండా కోవేరియెన్స్ మీదే నడిపేశాం. మొదటి కాంపోనెంట్, అంటే మొదటి గిన్నె, ఒక్కటే అంకెల్లోని తేడాల్లో 99 శాతం పైన వివరించేస్తోందని వచ్చింది. అంతా ఒక్క అంకెలోకి వచ్చేసిందని అందరం సంబరపడ్డాం. మూడో బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, అందులో మొత్తం కోలిఫామే ఉంది. అంటే అదొక్కటి కొలిస్తే సరిపోతుందా?" అని అడిగింది. చూస్తే నిజమే. కోలిఫామ్ అంకెలు వేలల్లో, ఫాస్ఫేట్ అంకెలు దశాంశాల్లో ఉన్నాయి. పెద్ద అంకెలున్నది పెద్దగా ఊగుతుంది, ఆ ఊపులో చిన్నవి కనబడకుండా పోతాయి. బంగారాన్నీ బియ్యాన్నీ ఒకే కాటాలో పెట్టి, బరువు తేడాని బట్టి ఏది ముఖ్యమో చెప్పినట్టు అయింది. కోరిలేషన్ దారి ఎంచుకుంటే ప్రతిదాన్నీ దాని సగటు నుంచి ఎంత అటూ ఇటూ అయిందన్న ఒకే కొలతలోకి తెచ్చి పోలుస్తుంది. నీటి లెక్కల్లో యూనిట్లు రకరకాలు కాబట్టి ఎప్పుడూ కోరిలేషన్ దారే. కోలిఫామ్‌ని అంతకుముందే ట్రాన్స్‌ఫామ్ మెనూలో లాగరిథమ్‌లోకి మార్చుకోవాలి, లేకపోతే ఒక్క వానరోజు అంకె మొత్తాన్ని తనవైపు లాగేస్తుంది. ఖాళీ గళ్లను సగటుతో నింపడం కంటే ఉన్న అంకెల్ని బట్టి మళ్లీ మళ్లీ అంచనా కట్టి నింపే ఇటరేటివ్ ఇంప్యుటేషన్ అనే దారి మంచిది, అదీ ఆ కిటికీలోనే ఉంది.

సరిచేసి నడిపాక వచ్చిన బొమ్మని ప్రింటు తీసి ల్యాబ్ గోడకి అంటించాం. దాన్ని బైప్లాట్ అంటారు. శాంపిల్‌కి ఒకటి చొప్పున 72 చుక్కలు, వాటి మధ్యలోంచి అంశానికి ఒకటి చొప్పున 15 బాణాలు. కలిసి పెరిగేవాటి బాణాలు ఒకే దిక్కుకి చూస్తాయి. కండక్టివిటీ, క్షారత, కఠినత్వం, కాల్షియం, క్లోరైడ్, సల్ఫేట్ బాణాలు ఒకే దిక్కుకి, దాదాపు ఒకదాని మీద ఒకటి. అవి రాళ్లలోంచీ నేలలోంచీ కరిగి వచ్చే లవణాలు. వేసవిలో గెడ్డ సన్నబడితే అన్నీ కలిసి చిక్కబడతాయి, వానలకి అన్నీ కలిసి పలచబడతాయి. ఇది మొదటి గిన్నె. బీఓడీ, సీఓడీ, ఫాస్ఫేట్, కోలిఫామ్ ఇంకో దిక్కుకి, వాటికి సరిగ్గా ఎదురుగా డీఓ బాణం. ఇది ఊరి మురుగు. మూడో కాంపోనెంట్‌లో టర్బిడిటీ ఒంటరిగా నిలబడింది, అది వాన తెచ్చే ఎర్రమట్టి. నైట్రేట్ ఏ గుంపులోనూ గట్టిగా నిలవలేదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

డీఓ బాణం బీఓడీకి ఎదురు తిరిగి ఉండడం మా పిల్లలకి ముందే చేతితో తెలుసు. రేవులో 300 మిల్లీలీటర్ల సీసాని బుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేటు, ఆల్కలీ అయోడైడ్ అజైడు వేసి మూత బిగించి తలకిందులు చేస్తారు. కొండ దిగే చోటి సీసాలో ముదురు గోధుమరంగు మడ్డి బరువుగా దిగుతుంది. మురుగు కాలవ కలిసే చోటి సీసాలో ఏప్రిల్‌లో పాలిపోయిన రంగు దిగింది. తెల్లగా దిగితే అందులో ఆక్సిజన్ లేదన్నమాట. ఆ రెండు సీసాలని పక్కపక్కన పట్టుకున్న అబ్బాయే తర్వాత తెర మీద బాణాలు చూసి, "ఇది ఆ రోజు సీసాలే మేడమ్" అన్నాడు.

మెతుకులు ఎంచుకునేటప్పుడు సాఫ్ట్‌వేర్ చెప్పిన పెద్ద అంకెని కళ్లు మూసుకుని పట్టుకోలేదు. ఒక గిన్నెలో ఉన్నవాటిలో ఏది రేవు దగ్గరే, తక్కువ ఖర్చుతో, తప్పు రాకుండా కొలవగలమో దాన్ని తీసుకున్నాం. లవణాల తరఫున కండక్టివిటీ, ఎందుకంటే చేతిలో పట్టే మీటరుతో నిమిషంలో అయిపోతుంది. 1413 మైక్రోసీమెన్ల ద్రావణంతో మీటరు సరిచేసుకుంటే చాలు. మురుగు తరఫున డీఓ, బీఓడీ. సీఓడీని వదిలేశాం. ఆ పరీక్షలో డైక్రోమేటు, పాదరసం, వెండి లవణాలు వాడతారు. ఆ వ్యర్థాన్ని ఎక్కడ పారబోయాలన్నది మాలాంటి ల్యాబ్‌కి పెద్ద బెంగ. గెడ్డని కాపాడే పేరుతో పాదరసం సింకులో పోయడం నాకు మొదటినుంచీ మనసొప్పలేదు. మట్టి తరఫున టర్బిడిటీ. కోలిఫామ్ మురుగు గుంపులోనే ఉన్నా దాన్ని తీయలేదు, తీయకూడదు. జబ్బులు తెచ్చేదానికి బదులుగా ఇంకో అంకెని నమ్మడం సరికాదు. పీహెచ్ ఉంచాం. ఉష్ణోగ్రత లేకపోతే డీఓ అంకెకి అర్థం ఉండదు, 20 డిగ్రీల దగ్గర నీళ్లు లీటరుకు 9.1 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. మొత్తం 7.

ఏడింటితో సరిపోతుందో లేదో పరీక్షించుకోకుండా ఒప్పుకోవద్దని మాస్టారు గట్టిగా చెప్పారు. దానికి క్లస్టరింగ్ వాడాం. ఆరు చోట్లనీ పోలికల్ని బట్టి చెట్టు కొమ్మల్లా కలుపుతుంది, ఆ బొమ్మని డెండ్రోగ్రామ్ అంటారు. ఒకసారి 15 అంశాలతో, ఒకసారి 7 అంశాలతో గీయించి పక్కపక్కన పెట్టాం. ఇక్కడ జాగ్రత్త, పీసీఏలోలాగా ఇందులో దానంతట అది ఒకే కొలతలోకి తెచ్చుకోదు. ప్రతి అంకెలోంచి సగటు తీసేసి స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించమని ట్రాన్స్‌ఫామ్ మెనూలో మనమే సూత్రం రాసి ఇవ్వాలి.

రెండు చెట్లూ దాదాపు ఒకేలా వచ్చాయి. కొండ దిగే చోటు, ఎగువ వంతెన ఒక కొమ్మ. చాకిరేవు, మురుగు కలిసే చోటు ఇంకో కొమ్మ. స్నానాల రేవు మధ్యలో. తేడా వచ్చింది ఒక్క మదుము దగ్గరే. 15 అంశాల చెట్టులో అది విడిగా ఒక కొమ్మ. 7 అంశాల చెట్టులో వెళ్లి ఎగువ వంతెన పక్కన చేరిపోయింది, మంచి నీళ్లలాగా. ఎందుకని నెలలవారీగా వెతికితే నైట్రేట్ కనబడింది. ఊడ్పులయ్యాక యూరియా చల్లే రోజుల్లో పొలాల నీళ్లలో అది పెరుగుతోంది, మిగతా నెలల్లో లేదు. మురుగుతోనూ లవణాలతోనూ కలిసి పెరగదు కాబట్టే పీసీఏలో ఏ గుంపులోనూ నిలవలేదు. ఏడాది మొత్తం సగటు చూస్తే చిన్నదే, అందుకే మేం వదిలేశాం. తగ్గించడంలో ఏం పోగొట్టుకుంటామో చూపించింది ఆ మదుమే. ఇప్పుడు జులై నుంచి అక్టోబరు దాకా నైట్రేట్ కూడా చేస్తాం. మీరు ఎవరైనా ఇలా తగ్గించే పని పెట్టుకుంటే ఈ చివరి పోలిక మాత్రం మానకండి.

లెక్క చూడండి. మొదటి ఏడాది నెలకోసారి, 18 పరీక్షలు, 72 శాంపిళ్లకు 1,296 కొలతలు. ఇప్పుడు నెలకు రెండుసార్లు వెళ్తున్నాం, శాంపిళ్లు 144. అయినా 7 చొప్పున 1,008, నైట్రేట్ 48 కలుపుకుని 1,056. తక్కువ కొలతలతో గెడ్డని రెట్టింపు సార్లు చూస్తున్నాం. బయటి ల్యాబ్‌కి వెళ్లేది కోలిఫామ్, నైట్రేట్, ఏడాదికి రెండుసార్లు ఫ్లోరైడ్, అంతే. ల్యాబ్ కూడా మార్చాం.

పాస్ట్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. అది దేన్నీ అడ్డుకోదు. తప్పు దారి ఎంచుకున్నా, లాగరిథమ్ మర్చిపోయినా అందమైన బొమ్మ గీసి ఇస్తుంది, హెచ్చరిక రాదు. ఒకే చోట వరుసగా తీసిన 12 నెలల నీళ్లు ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవి, 72 శాంపిళ్లంటే 72 విడి సాక్షులు ఉన్నట్టు కాదు. ఆ తేడా కూడా దానికి పట్టదు, మనమే గుర్తుపెట్టుకోవాలి. మెనూల్లో మాకు సంబంధం లేని శిలాజాల పనులు బోలెడు, కొత్తవాళ్లు దారి తప్పుతారు. మాన్యువల్ బాగుంది కానీ ఇంగ్లిష్‌లోనే ఉంది, ఒడియా మీడియం నుంచి వచ్చిన పిల్లలకి పక్కన కూర్చుని చెప్పాల్సిందే. స్టాటిస్టిక్స్ తెలిసిన మనిషి ఒకరు తోడు లేకుండా దీన్ని మొదలుపెట్టమని నేను చెప్పను. 5కి 4 ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ హెచ్చరికలు లేనందుకు.

క్లాసులో ఇది చెబుతుంటే ఒక పిల్లవాడు ఇదంతా విదేశాల వాళ్ల లెక్కలేనా అన్నాడు. అప్పుడు మాస్టారే లేచి చెప్పారు. 1926లో ఒడిశాలో బ్రాహ్మణి నదికి వరదలొస్తే, నది అడుగు మట్టం పెరగడం వల్లేనని ఇంజనీర్లు అనుకున్నారు. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ పాత ఏళ్ల వాన లెక్కలు, వరద లెక్కలు తీసి చూసి, అది సరికాదని, ఎగువన కురిసిన వానే కారణమని చూపించారు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకున్న మన సి.ఆర్. రావుగారు ఆ మహలనోబిస్ స్థాపించిన సంస్థలోనే చేరి, పీసీఏని పరిశోధనల్లో ఎలా వాడాలి, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అన్నదాని మీద 1964లో పెద్ద పేపరు రాశారు. ఆ మాట విన్నప్పుడు పిల్లల ముఖాలు చూడాల్సింది.

ఇంతకీ తాతగారికి ఏం చెప్పాను? ముందు నీటి నాణ్యత సూచీ కట్టాలనుకున్నాను, అంటే అన్నీ కలిపి 100కి ఇన్ని మార్కులని. 1970లో అమెరికాలో 142 మంది నిపుణుల్ని అడిగి, 9 అంశాలకి బరువులు వేసి చేసిన సూచీ పేరున్నది. అందులో డీఓకి 0.17, మల కోలిఫామ్‌కి 0.16. కానీ సగటు కట్టడంలో ఒక ప్రమాదం ఉంది. మిగతావన్నీ బాగుండి కోలిఫామ్ ఒక్కటి ఘోరంగా ఉన్నా మార్కులు బాగానే వస్తాయి. పిల్లల్ని ఆ నీళ్లలో దించే తల్లికి సగటుతో పనిలేదు. అందుకని మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తరగతులనే పట్టుకున్నాం. స్నానానికి పనికొచ్చే బి తరగతి కావాలంటే డీఓ లీటరుకు 5 మిల్లీగ్రాములు, ఆపైన ఉండాలి, బీఓడీ 3 దాటకూడదు, కోలిఫామ్ 100 మిల్లీలీటర్లకు 500 దాటకూడదు, పీహెచ్ 6.5, 8.5 మధ్య ఉండాలి. నాలుగూ ఉంటేనే బి, ఒక్కటి తప్పినా కాదు. మేం ఉంచుకున్న 7లో ఈ నాలుగూ ఉన్నాయి.

ఇప్పుడు రేవు దగ్గర మర్రిచెట్టుకి ఒక రేకు బోర్డు ఉంది. ఒడియాలో, తెలుగులో రాశాం. పైన తేదీ, కింద మూడు వరసలు: స్నానం, పశువులు, తాగడం. తాగడం ఎదురుగా ఎప్పుడూ ఒకటే మాట, మరిగించకుండా వద్దు. స్నానం ఎదురుగా శీతాకాలంలో పచ్చరంగు పడింది. మార్చి నెలాఖరు నుంచి కోలిఫామ్ 500 దాటడంతో ఎర్రరంగు వేశాం. ఎర్రరంగు వేసిన రోజు చాకిరేవు వాళ్లు మా మీద కోప్పడ్డారు, నేనూ వాళ్లతో గంటసేపు కూర్చుని అది వాళ్ల తప్పు కాదని, మురుగు కాలవ కలిసే చోటు వాళ్లకి పక్కనే ఉందని చెప్పాను. పంచాయతీకి ఇచ్చిన కాగితంలో 15 నిలువు గళ్ల పట్టిక పెట్టలేదు, ఆ రెండు కొమ్మల చెట్టు బొమ్మ పెట్టాం. కాలవని ఊరి బయట చిన్న గుంటలోకి మళ్లించే మాట ఇప్పుడు నడుస్తోంది.

పోయిన పక్షం పరీక్షల డ్యూటీ వల్ల రెండు రోజులు ఆలస్యంగా వెళ్లాం. తాతగారు బోర్డు కిందే కూర్చుని ఉన్నారు. "తేదీ మారలేదేటమ్మా? మనవరాల్ని తానానికి తేవొద్దన్నాను" అన్నారు. సీసాలు దించి, ముందు డీఓ సీసా నింపాం.